సొట్టలు తీసిన జాలీ

నాగావ్, భీవండి
12 జూన్ 2024

చెల్లె రామవ్వకు నీ అన్న కనుకయ్య దీవించి రాయునది.

శివుని దయవల్ల అందరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని మాత్రం రాయలేను. ఆ మాట నా నోట నిన్న పొద్దున చచ్చింది.

మా సాంచెల షెడ్డు, ఆ మరమగ్గాల కొట్టం వెనుక ఉన్న పూలతోట సంగతి నా ఉత్తరాల్లో చదివినావు. గ్రీజు తాగి నల్లబడ్డ నేల అది. పదేండ్ల కింద ఇనుప తుక్కు ఏరి, మన్ను నెత్తిన మోసి తవ్వినాను. బంతి, చామంతి, నందివర్ధనం, నడుమ తులసి. నూలు పున్నమినాడు మార్కండేయుని రథానికి పడే మొదటి దండ ఆ తోటదే. బేస్తవారం సంఘం హాలులో నేను పురాణం చెప్పేటప్పుడు గ్రంథం మీద పెట్టే పువ్వూ అక్కడిదే.

నిన్న పొద్దున వెనుక తలుపు తీస్తే తోటలో పందులు. నాలుగు. తులసి వేర్లు పైకి లేచి ఉన్నాయి. సాంచెలో పోగు మోసే నాడెను అటూ ఇటూ కొట్టే పికింగ్ కర్ర ఒకటి మూలకు ఉంటే అందుకున్నాను. ఇంకేమీ గుర్తులేదు. ఒక పంది నడుము విరిగి, వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ, పిల్లలా అరుస్తూ మోరీ దాకా పోయి అందులో పడింది. దాని నెత్తురులో నిలబడి ఏడ్చినాను. పంది కోసం కాదు.

మీ వదినె పోచమ్మ గడపలో నిలబడి ఏమన్నదో విను. "కొట్టుడు ఆపి కంచె కట్టుకో. నీ పురాణం పందులకు ఎక్కదు, మనుషులకే ఎక్కుతలేదు."

అన్నది నిజమే. తపస్సు చెడగొట్టిన వాణ్ని దేవుడు మూడో కన్ను తెరిచి బూడిద చేసినాడు. నాకు మూడో కన్ను లేదు. తీగ ఉంది. కళ్యాణ్ రోడ్డు మీద తీగల దుకాణానికి పోయినాను. వాడు మూడు రకాలు చూపించినాడు: ముండ్ల తీగ, వల లాంటి జాలీ, ఇంకొకటి చుట్టలు చుట్టలుగా బ్లేడ్లు పొదిగినది. ఆ బ్లేడు చుట్టను చూడగానే నా మనసు దాని మీదికి పోయింది. దాన్ని దాటబోయిన వాని తోలు దాని మీదే ఆరుతుంది.

అయినా నిన్ను అడగకుండా కొనలేదు. పొలాలకు పోయేదానివి. అడవిపందులకు, కోతులకు మీ ఊళ్లో కట్టిన కంచెలు కండ్లారా చూసినదానివి. ఏ తీగ మంచిదో వివరంగా రాయి.

ఫోను ఎందుకు పట్టవని మళ్లీ అడగకు. ఫోను మాటకు సాక్షి ఉండదు. రాసింది రాసినట్టు నిలబడుతుంది. నీకు అక్షరాలు వచ్చింది కూడా నా ఉత్తరాలు కూడబలుక్కునే గదా.

నీ పెనిమిటి అంకుశం బావ బాగున్నాడు. నాలుగు సాంచెలు ఆయన ఒక్కని మీదే నడుస్తున్నాయి. పోగు తెగనివ్వడు. నేను పురాణం చెప్తుంటే వెనుక వరుసలో నిద్రపోతాడు, అదొక్కటే లోపం.

జగిత్యాల బస్సు క్లీనరు చేతికి ఇస్తున్నాను. వానికి చల్ల పొయ్యి.

నీ అన్న
కనుకయ్య


గంగారం
20 జూన్ 2024

అన్న కనుకయ్యకు చెల్లె రామవ్వ కాళ్లు మొక్కి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి పంది మీద పానం కొట్టుకున్నది, రెండోసారి నీ మీద. బీడీల చాట పక్కకు వెట్టి రాస్తున్న, అక్షరాలు వంకరవోతే తిట్టకు.

తీగల సంగతి అడిగినవు. నా కండ్లతోని చూసిందే రాస్త.

ముండ్ల తీగ పశువుకు శత్రువు. పటేల్ చేన్ల మూడు వరుసలు కట్టిండ్రు. పోయిన ఏడు వాళ్ల బర్రెనే గడ్డి కోసం మెడ జాపి ముందుకు దుంకింది. పొదుగు నిలువున చీలింది. పాలల్ల నెత్తురు గలిసి ధార గారుతుంటె దూడ ఉరికచ్చి అదే తాగవట్టె. పందులకైతే ఆ తీగ లెక్కనే లేదు, కిందినుంచి దూరి పోతయి.

నువ్వు మోజువడ్డ బ్లేడు తీగ మామిడితోటకు కట్టిండ్రు. దాంట్ల ఒక కోతి చిక్కింది. గుంజుకున్న కొద్దీ కోసింది. రెండు దినాలు సావలేదు. దాని పిల్ల కింద కూసోని పైకి చూసుకుంట అరిసింది. నేను అటు దిక్కు కూలికి పోవుడే మానేసిన. పూలు దేవునికి పెడుతవు, కంచెకు మాంసం ఏలాడదీస్తవా?

ఇగ తీగకు కరెంటు వెట్టుడు అన్న మాట నీ నోట్లెకు రానియ్యకు. సోమయ్య పందులకని వెట్టిన తీగ మీద పక్క చేను సమ్మవ్వ పడ్డది. గుర్తువట్టుమని నన్నే విలిచిండ్రు. మొఖం జూసి గుర్తువట్టలే అన్నా, కాలి కడియం జూసి వట్టిన.

జాలీనే మంచిది. రాతి కడీలు దగ్గర దగ్గర పాతు. జాలీ మూరెడు లోతు మన్నుల దిగాలె, లేకుంటే పంది తవ్వుకోని వస్తది. సన్న జాలీ తేకు, మూతితోని చించుతది. పోయిన దసరకు మీ బావ వచ్చినప్పుడు చెప్పిండు, మీ సాంచెల నడుమ నిలవెట్టిన జాలీ ఉన్నదట గదా. ఇనుప మొనల నాడె ఎగిరచ్చి కొట్టినా సొట్ట వడుతది గని చీలదట. పంది మూతి నాడె కన్న గట్టిదా? గసొంటి జాలీ కట్టు, ఇంకేది వద్దు.

మీ బావ నిద్రపోతే పోనీ. ఎన్మిది గంటలు నిలవడ్డ మనిషి కూసుంటే నిద్ర రాకపోతే రోగమైనట్టు. నువ్వు జరంత చిన్నగ చెప్పు, సుఖంగ పంటడు.

చింతకాయ తొక్కు పంపుతున్న. సీసా వాపసు పంపాలె.

నీ చెల్లె
రామవ్వ


నాగావ్, భీవండి
30 జూన్ 2024

బుద్ధిలో సరస్వతి అయిన చెల్లె రామవ్వకు అన్న కనుకయ్య దీవెనలు.

నీ మాట నాకు శాసనమైంది. కట్టేసినాను!

దుకాణంలో వెతికితే అంత గట్టి జాలీ లేదు. కమ్మరికి చెప్పి చేయించాలె, రెండు నెలలు పడుతుందన్నారు. నూలు పున్నమి ఆగస్టు పంతొమ్మిదికే వస్తున్నది. మొక్కలు ఇప్పుడు పెడితేనే అప్పటికి పూలు. ఏమి చేయాలె అని గ్రంథం ముందు పెట్టుకొని కూర్చున్నాను. పక్కనే నీ ఉత్తరం. "మీ సాంచెల నడుమ నిలవెట్టిన జాలీ." కంటి ముందు ఉన్నదాన్ని వదిలి ఊరంతా తిరిగినానని నవ్వొచ్చింది.

మొన్న శుక్రవారం, సాంచెలు బంద్ ఉండే రోజు, జాలీలన్నీ విప్పించినాను. ఎనిమిది. అంకుశం బావ అడ్డం నిలబడ్డాడు.

"బావా, గివి తీస్తే నాడె ఎగిరినప్పుడు ఎట్ల?"

"ఎగరనియ్యకు."

"ఎగిరేది నాడె, నేనా?"

పనివాళ్లంతా పక్కున నవ్వినారు. నాకు ఒళ్లు మండింది. శ్రద్ధ ఉన్నవాని నాడె దారి తప్పదు అన్నాను. యముడు పాశం విసిరితే పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకున్నాడు గాని జాలీ వెనుక దాక్కోలేదు అన్నాను. అప్పుడు బావ "మీ చెల్లె వింటే ఏమంటదో" అని గొణిగినాడు. నీ ఉత్తరం తెచ్చి అందరి ముందర ఆ వాక్యం గొంతెత్తి చదివినాను. "నీ పెండ్లామే చెప్పింది, విను" అన్నాను. పక్కకు జరిగినాడు. రాసినది ఎట్లా నిలబడుతుందో చూసినావా?

జాలీలన్నిటి మీదా సొట్టలే. అన్నేండ్లుగా నాడెలు కొట్టిన గుంటలు. దేవుని తోటకు అట్లాంటి కురూపి కంచె ఎట్లా కట్టను? రాయి మీద పెట్టి సుత్తెతో ఒక్కొక్క సొట్టా సాపు చేసినాను. శుక్రవారం, శనివారం, రెండు దినాలు చేతులు బొబ్బలెక్కినాయి. ఇప్పుడు అద్దంలా ఉన్నాయి. మూరెడు లోతు పాతించినాను. పైన మాత్రం ఒక వరుస ముండ్ల తీగ కట్టినాను. అది నా ముచ్చట, నువ్వు అడ్డం చెప్పకు.

సాంచెలకు కొత్త జాలీలు కమ్మరికి చెప్పినాను. పున్నమి దాటినాక వస్తాయి. రెండు నెలలు దేవుడు చూసుకోలేడా?

తొక్కు అమృతం. సీసా వదినె దాచుకున్నది, అడగకు.

నీ అన్న
కనుకయ్య


గంగారం
7 జూలై 2024

అన్నా,

మొక్కులు తర్వాత మొక్కుత. ముందుగాల ఈ ఉత్తరం అందంగనే జాలీలు వాపసు తీసుకపోయి సాంచెల నడుమ నిలవెట్టు.

నేను గసొంటిది అన్న. గదే అనలేదు! అన్నం మంచిగున్నదంటే కంచంలది గుంజుకుంటరా ఎవలన్న?

ఆ ఒక్క ముక్క పదిమంది ముందర మీ బావకు చదివి వినిపించినవట. నా చేతి రాత తీసి నా మొగని మొఖం మీద గొట్టినవు. ఈ అక్షరాలు ఇందుకేనా నేర్పింది?

నువ్వు నాకు పురాణం చెప్తివి గదా, నేను నీకు అదే చెప్త. మార్కండేయుడు ఏడ్చింది తన పానం కోసం. పూజకు తెచ్చిన పూల కోసం కాదు. దేవుడు కాలితోని తన్ని యముని పడగొట్టింది పిల్లగాని కోసం. పూలు తొక్కుడువడ్డయో లేదో ఆయన చూడలే.

వానకాలం అన్నా ఇది. నువ్వు సాంచెల మీద నిలవడి ఇరవై ఏండ్లాయె, మర్సిపోయినవేమో. తోలు పట్టా చెమ్మకు వదులైతది, నాడె దెబ్బ తప్పుతది అని మీ బావనే చెప్తడు. షోలాపూర్ల ఆయన దోస్తుకు నాడె కణతకు తగిలింది. బట్ట మీద పడ్డ మెదడు కడుగుతే పోలేదని, ఆ బట్ట తానుల కలిపే అమ్ముకున్నరని తాగినప్పుడు చెప్పి ఏడుస్తడు. తాగనప్పుడు ఆ సంగతి ఎత్తడు.

పందులచ్చి తోటంతా తిననీ. మళ్ల పెట్టుకుందువు.

రామవ్వ


నాగావ్, భీవండి
22 జూలై 2024

చెల్లె రామవ్వకు కనుకయ్య రాయునది.

వానలకు బస్సులు తిరగక నీ ఉత్తరం నిన్ననే చేతికి వచ్చింది. అందులో దీవెన అడగలేదు, మొక్కు పెట్టలేదు. బావ ఫోన్లో నీ చెవి కొరికినట్టున్నాడు. పది మందికి పురాణం చెప్పే అన్నకు చెల్లె పురాణం చెప్పే కాలం వచ్చింది. సరే.

ఈ లోపల ఇక్కడ యుద్ధం జరిగింది. విను.

పోయిన ఆదివారం పొద్దున కంచె దగ్గర గొంతు కోసినట్టు అరుపు. పోయి చూస్తే మేక. జాలీ మీద ముందుకాళ్లు పెట్టి పైకెక్కింది, పైనున్న ముండ్ల తీగ గొంతు కింద దిగింది. బరువుకు కిందికి జారుతున్న కొద్దీ చీరుకుపోయింది. నేను విడిపించేలోపల కాళ్లు తన్నుకునుడు ఆగింది. బంతి మొగ్గల మీద నెత్తురు.

మేక భూషణ్‌ది. గోదాము పక్కన ఉంటాడు, మరాఠీవాడు. కొడవలి పట్టుకొని వచ్చినాడు. "బాహేర్ యే" అని తలుపు మీద తన్నినాడు. బయటికి పోయినాను. నీ అన్న లోపల దాక్కునే రకం కాదు. వాడు కొడవలి లేపినాడు, నేను పికింగ్ కర్ర లేపినాను. వాని మెడ పక్క ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది, ఎండు కట్టె విరిగినట్టు. వాడు మోకాళ్ల మీద పడ్డాక కూడా రెండు దెబ్బలు వేసినాను. అంకుశం బావ వచ్చి వెనుకనుంచి నన్ను పట్టుకోకపోతే మూడోది కూడా పడేది. "సచ్చిపోతడు బావా, ఇడువు!" అని నన్ను గుంజిపారేసినాడు. ఆయనే వాణ్ని రిక్షాలో వేసుకొని దవాఖానకు పోయినాడు. నా వైపు మనిషో, వాని వైపు మనిషో అర్థం కాలేదు.

పెద్దమనుషులు కూర్చొని రాజీ చేసినారు. ఇప్పుడు నాగావ్‌లో ఎవడూ నా తోట వైపు కన్నెత్తి చూడడు. బేస్తవారం పురాణానికి జనం కిక్కిరిసినారు. దుష్టశిక్షణ అంటే ఏమిటో వాళ్లకు ఈసారి విప్పి చెప్పనక్కర లేకపోయింది.

జాలీ సంగతి అంటావా, నా సాంచెల మంచిచెడ్డలు నాకు తెలుసు. జరగవలసింది జరుగుతుంది.

బంతి విరగబూయనున్నది.

కనుకయ్య


గంగారం
28 జూలై 2024

అన్న కనుకయ్యకు చెల్లె రామవ్వ మొక్కి రాసేది.

మొన్న మొక్కు మర్సినందుకు ఇయ్యాల రెండు మొక్కులు.

నా మీద, మీ బావ మీద కోపం వెట్టుకోకు. ఆయన నాకేం చెప్పలే. నువ్వు రాసిందే నాకు చెప్పింది. నిన్న నేనే ఫోన్ చేసి జాలీ సంగతేందని నిలదీసిన. "మళ్ల నిలవెట్టిండ్రు, నువ్వు బుగులువడకు" అన్నడు. ఆ మాట వినంగనే నా పానం లేచచ్చింది. చెల్లె మాట విన్నవు, అది చాలు. ఉత్తరంల ఒప్పుకోవడానికి నీకు మనసొప్పలేదు, అంతే గదా. చిన్నప్పటినుంచి నీది అదే గుణం. తప్పు దిద్దుకుంటవు గని తప్పని అనవు.

భూషణ్ ఎట్లున్నడు? మేక వాంది సచ్చింది, ఎముక వాంది ఇరిగింది, పురాణం మాత్రం నీది నడిచిందా? పోయి చూసి రా. వట్టి చేతులతోని పోకు.

రాఖీ పెడుతున్న. పున్నమి దాక ఆగలేక ఇప్పుడే. వదినెతోని కట్టించుకో.

నీ చెల్లె
రామవ్వ


నాగావ్, భీవండి
3 ఆగస్టు 2024

చెల్లె రామవ్వకు అన్న కనుకయ్య దీవెనలు.

రాఖీ అందింది.

ధైర్యంగా చదువు. మొన్న బేస్తవారం అంకుశం బావకు పనిలో కంటి దగ్గర కొంచెం దెబ్బ తగిలింది. భయపడవలసింది లేదు. మంచి దవాఖానలో ఉన్నాడు. మాట్లాడుతున్నాడు, పాలు తాగుతున్నాడు. పెద్దది రావలసింది చిన్నదానితో పోయింది.

ఏదీ మన చేతిలో లేదు చెల్లె. నొసట రాసింది తుడిచేవాడు లేడు. దేవతలకే శాపాలు తప్పలేదు, చక్రవర్తులు కాటికాపరులైనారు. ఏ గడియకు ఏది రావాలో ఆ గడియకు అది బయలుదేరి వస్తుంది. దుఃఖం వచ్చినప్పుడు జ్ఞానం పట్టుకోవాలె.

నువ్వు రావలసిన అవసరం లేదు. ఇంటి దగ్గర ఉండి దేవునికి దీపం పెట్టు.

కనుకయ్య

చెల్లె ఎల్లిరా. ఈన రాసింది నమ్మకు. పోచమ్మ


సంఘం హాలు, భీవండి
10 ఆగస్టు 2024

కనుకయ్యన్నా,

నీ కోసం ఇంటికాడ చూసిన, షెడ్డుకాడ చూసిన. నేనున్న నాలుగు దినాలు నువ్వు నా ఎదురుగ రాలే. అందుకే ఈ కాయితం నీ గ్రంథంల వెట్టిపోతున్న. దాన్నైతే ఎప్పటికన్న తెరుస్తవు.

ఫోన్ల వదినె ఏడ్సుడే గని మాట రాలే. ఆమె నీ ఉత్తరం అడుక్కు గీకిన వంకర అక్షరాలే నన్ను బస్సు ఎక్కించినయి. క్లీనరు ఇచ్చిన కాయితం నిలవడే చదివిన, అదే బస్సు భీవండికి మళ్లంగనే ఎక్కిన.

కొంచెం దెబ్బ అని రాసినవు. దవాఖానల కట్టు విప్పినప్పుడు చూసిన. ఎడమ కన్ను తీసేసిండ్రు. కంటి కింది ఎముక పెంకుల లెక్క పగిలింది. ముక్కు దూలం పక్కకు వోయింది. నర్సమ్మ దూది లోపలికి పెడుతుంటె నా మొగని మొఖంల అంత లోతు ఉంటదా అనుకున్న. ఆయన నా చెయ్యి వట్టుకోని, "ఒక్కటి మిగిలింది గదే, నీ వంక చూసెతందుకు ఒక్కటి సాలు" అన్నడు. నవ్వబోతే కుట్లు గుంజి మూలిగిండు.

జాలీ నిలవెట్టిండ్రని నాకు ఎందుకు అబద్ధం చెప్పినవని ఆయననడిగితే, "నువ్వు బుగులుతోని బీడీలు చెయ్యవు, మీ అన్నతోని కొట్లాట వెట్టుకుంటవు" అన్నడు. ఆయన అబద్ధం నా కోసం. మరి నా ఉత్తరం చదివి కూడ దిద్దకుండ రాఖీ కట్టించుకున్నవు, ఆ అబద్ధం ఎవలి కోసం?

సాంచెలోల్లంతా పని ఇడిసి నిన్ను కొడుతమని కర్రలు వట్టుకున్నరు. నేనే ఆపిన. ఆనాడు మీ బావ అడ్డమచ్చి నిన్ను భూషణ్‌ను సంపనియ్యలే. ఆయన పెండ్లాన్ని నేను, నిన్నెట్ల కొట్టనిస్త?

గని తోట ఇడువలే. నిన్న శుక్రవారం వాళ్లను వెంటవెట్టుకోని పోయి కంచె కోసిన. పైనున్న నీ ముచ్చట తీగ అరచెయ్యి చీరింది. మూరెడు లోతు మన్నుల దిగినదాన్ని గడ్డపారతోని పెకిలించినం. నువ్వు మంచిగనే పాతినవు, చెల్లె చెప్పినట్టే. ఎనిమిదీ మోసుకపోయి సాంచెల నడుమ మళ్ల నిలవెట్టినం. మేము ఎల్లంగనే మేకలచ్చినయి. నేను తోలలే.

నిలవెట్టినంక జాలీల మీద చేతులు పెట్టి తడిమిన. నువ్వు సుత్తెతోని సాపు చేసిన జాగలు కంటికి కానరావు గని చేతికి తెలుస్తయి. లెక్కవెట్టిన. ముప్పై ఒకటి. అన్నీ మొఖం ఎత్తుల, రొమ్ము ఎత్తుల. ముప్పై ఒక్క మంది ఇంటికి పోయి అన్నం తిన్నరన్నా. నువ్వు వాటిని సొట్టలన్నవు.

మీ బావను తీసుకోని సాయంత్రం బస్సుకు ఊరికి పోతున్న.

రామవ్వ


నాగావ్, భీవండి
20 ఆగస్టు 2024

రామవ్వా,

నిన్న నూలు పున్నమి. రథానికి మొదటి దండ బజారులో కొన్నారు. సంఘంవాళ్లు పురాణం చెప్పమంటే గొంతు బాగా లేదన్నాను. గొంతుకు ఏమీ కాలేదు.

ఆ రోజు ఏమైందో బావ నీకు చెప్పి ఉండడు. ఆయన గాక చూసింది నేనొక్కడినే. తోటలో మొదటి బంతి పూసింది. అరచేతి అంత. దాన్ని కోసుకొని షెడ్డులోకి పోయినాను. జాలీ తీయొద్దన్న మనిషికి ఆ పువ్వు చూపించాలె, అదొక్కటే నా మనసులో ఉంది. సాంచెల చప్పుడులో వినబడక గట్టిగా పిలిచినాను. "బావా, ఇటు చూడు!" చూసినాడు. అప్పుడే పక్క సాంచె నాడె ఎగిరింది. పిలవకపోతే అది చెవి పక్కనుంచి గోడకు పోయేది. నేను పిలిచి ఆయన మొఖం దానికి ఎదురు తిప్పినాను. అరవలేదు ఆయన. చెయ్యి పెట్టుకొని చూసుకున్నాడు. వేళ్ల సందులనుంచి నెత్తురుతో పాటు తెల్లగా ఏదో కారింది. పడిపోతూ కూడా సాంచె బంద్ చేసి పడ్డాడు, పోగు తెగకుండా.

నువ్వు ఉన్న నాలుగు దినాలు హాలు వెనుక సామాన్ల గదిలో ఉన్నాను. నీ గొంతు వినబడింది. బయటికి రాలేదు.

భూషణ్ ఇంటికి పోయినాను. తలుపు తీసినాడు. నన్ను చూసి మళ్లీ వేసుకున్నాడు. రేపు మళ్లీ పోతాను.

మేకలు అన్నీ తిన్నాయి. తులసి మొదలు మిగిలింది.

బావ నడిపిన నాలుగు సాంచెల మీదికి ఎవరూ రామన్నారు. నేనే నిలబడుతున్నాను. ఇరవై ఏండ్లయింది, పాదాలు వాచినాయి. ఇయ్యాల పొద్దున తోలు పట్టా వదులై నాడె ఎగిరింది. తల వంచే తీరిక కూడా లేకపోయింది. ఎదుటి జాలీకి తగిలి గంట కొట్టినట్టు మోగింది. సాంచెలన్నీ ఆపి అందరూ నా దిక్కు చూసినారు. పోయి చెయ్యి పెట్టి చూసినాను. సొట్ట పడింది. సరిగ్గా నా కండ్ల ఎత్తున.

ఈ ఉత్తరంతో పాటు క్లీనరు చేతికి నా సుత్తె ఇచ్చి పంపుతున్నాను. ఇక్కడ ఉంచకూడదు.

కనుకయ్య